‘వియర్డ్’ అంటే వింత అనేనా?

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. మొన్న మా మేనకోడలు జుట్టుకు నీలం రంగు వేయించుకుని ఫొటో పెట్టింది. ‘కొత్తగా, వింతగా ఉన్నావు బిడ్డా’ అనే ఉద్దేశంతో కింద ‘వియర్డ్’ అని రాశాను. రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. నిఘంటువులో వింత, విచిత్రం అనే ఉంది కదా, తప్పెక్కడ?

జవాబు 1: అన్నా, మన ‘వింత’లో ముచ్చట కూడా ఉంటుంది. జాతరలో వింత చూసొచ్చామంటాం. ‘వియర్డ్’లో ఆ ముచ్చట తక్కువ. మనం మొహం అదోలా పెట్టి ‘గదొక తీరుగుంది’ అంటాం చూడండి, దానికి దగ్గర. పిల్ల అలగదా మరి! ‘డిఫరెంట్’ అంటే సరిపోయేది.

జవాబు 2: పాలమూరులో ఇంగ్లిష్ చెబుతాను. పాత ఇంగ్లిష్‌లో ‘విర్డ్’ అంటే తలరాత. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’లో జోస్యం చెప్పే ముగ్గురు మంత్రగత్తెలు ‘వియర్డ్ సిస్టర్స్’. అందులోని గగుర్పాటు ఇంకా పూర్తిగా పోలేదు. ముక్కూమొహం తెలియని మనిషి ‘స్ట్రేంజర్’, తెలిసిన మనిషైనా తేడాగా చేస్తే ‘వియర్డ్’. పెరుగన్నం మీద జామ్ వేసుకుంటే అదీ వియర్డే. స్పెల్లింగ్‌లో ‘ఈ’ (e) ముందు, ‘ఐ’ (i) తర్వాత. మా పిల్లలు ఏటా తిరగేసి రాస్తారు.

జవాబు 3: దోస్తుల మధ్య ప్రేమగానూ అంటారు. మేనమామ రాస్తే మాత్రం కష్టమే.

మళ్లీ నేనే: ‘డిఫరెంట్’ అని పెట్టాను. ‘అంటే బాగాలేదనేగా మామా’ అంటోంది.