నాన్నగారి వెన్ను సమస్య తమ్ముడికీ వస్తుందా?

అందరికీ నమస్కారం. నాన్నగారికి 40 దాటకముందే ఎల్4-ఎల్5 డిస్క్ (నడుము దగ్గర రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది) అరిగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నాకు 36. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే గోడ పట్టుకుని లేవాల్సి వస్తోంది. ఎంఆర్‌ఐలో సరిగ్గా అదే చోట డిస్క్ నల్లబడి, ఎత్తు తగ్గి కనిపించింది. నేను బరువులు మోసే పని ఎన్నడూ చేయలేదు.

ఫిన్లండ్‌లో కవలలపై జరిగిన పరిశోధనల్లో డిస్కుల అరుగుదలకు చేసే పని కన్నా వంశపారంపర్యమే పెద్ద కారణమని తేలిందట. తొమ్మిదో రకం కొల్లాజెన్ (డిస్కుల్లో ఉండే ఒక ప్రొటీన్) జన్యువుల్లో మార్పుల గురించీ చదివాను. అప్పటినుంచి తమ్ముడి గురించే నా దిగులంతా. వాడికి 29, ధాన్యం కొట్టులో రోజూ బస్తాలెత్తుతాడు.

మీ ఇళ్లలో ఇలా ఉన్నవారెవరైనా జన్యు పరీక్ష చేయించుకున్నారా? దానివల్ల చికిత్సలో ఏమైనా మార్పు వచ్చిందా? నొప్పి మొదలవకముందే వాడు ఎలాంటి వ్యాయామాలు చేయాలో ఫిజియోథెరపిస్టులు ఎవరైనా దయచేసి చెప్పండి.