వానాకాలంలో పైకి తన్నే మరుగుదొడ్డి: ఏటి ఒడ్డు ఊళ్లలో ఏమి చేయాలి?

ప్రశ్న (వంశధార ఒడ్డు కోడలు)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న ఊరు. స్వచ్ఛ భారత్ పథకం కింద వచ్చిన 12,000 రూపాయలకు మేము కొంత చేర్చి 2018లో మరుగుదొడ్డి కట్టించుకున్నాము. గోడలు, తలుపు, పైరేకు చక్కగా ఉన్నాయి. అయితే ఆషాఢం వెళ్లి వానలు ముదిరేసరికి మలం చేరే రెండు గోతుల్లో నీరు ఊరి, చెంబుడు నీళ్లు పోసినా కిందికి దిగకుండా పైకి తన్నుకొస్తున్నది. ఆ రోజుల్లో ఎవరమూ దానిని వాడలేకపోతున్నాము. ఇప్పుడందులో పిడకలు, గోనెసంచులు పెట్టుకుంటున్నాము.

మా అత్తగారికి డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చీకట్లో ఏటిగట్టు దిగలేక, రాత్రి లేవవలసి వస్తుందన్న భయంతో ఆవిడ పొద్దు వాలినప్పటి నుంచి మంచినీళ్లు ముట్టరు, అన్నం రెండు ముద్దలతో సరిపెడతారు. నాకు ఇదే మనసును తొలిచేస్తున్నది. ఉన్న గోతులను బాగుచేయవచ్చా, కొత్తవి తవ్వించాలా? మా బోరింగు వాటికి ఏడు అడుగుల దూరంలోనే ఉన్నది. పథకం డబ్బు మళ్లీ ఇస్తారా? బ్లాకు ఆఫీసులో కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి, మా ఇంట్లో ఆ లిపి చదివేవారు లేరు.

సమాధానం 1 (పర్లాకిమిడి, విశ్రాంత ఇంజినీరు)

అమ్మా, ముందుగా మరుగుదొడ్డికీ గోతులకూ మధ్య ఉన్న చిన్న తొట్టి మూత తీసి చూడండి. అందులోంచి రెండు గోతులకూ రెండు దారులుంటాయి. ఒకటి తెరిచి, రెండవది ఇటుకతో మూసి ఉండాలి. మొదటి గొయ్యి నిండడానికి ఒక కుటుంబానికి సుమారు మూడేళ్లు పడుతుంది. అప్పుడు దారి రెండవదానికి మళ్లించి, మొదటిదానిని కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు ముట్టకుండా వదిలేస్తే, లోపలిది వాసన లేని మట్టిలాంటి ఎరువవుతుంది. ఈ సంగతి ఇంటివారికి చెప్పకుండా రెండు దారులూ తెరిచి వెళ్లిపోయే మేస్త్రీలను నేను చాలామందిని చూశాను. అలా చేస్తే రెండూ ఒకేసారి నిండుతాయి, ఒక్కటీ ఆరదు.

మీ అసలు చిక్కు మాత్రం భూమిలోని నీటిది. గోడల్లోని సందుల ద్వారా నీరు చుట్టుపక్కల మట్టిలోకి ఇంకిపోతేనే ఈ గోతులు పనిచేస్తాయి. ఆ మట్టే నీటితో నిండి ఉంటే ఇంకడానికి చోటెక్కడిది? అందుచేత గోతులను నేలమట్టం మీదికి లేపి కట్టి, చుట్టూ మట్టి పోసి దిమ్మలా చేయాలి. వానాకాలంలో నీరు ఎంతవరకు ఊరుతుందో, దానికంటే కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున గొట్టం గోతిలోకి దిగాలి. అంటే మరుగుదొడ్డి నేల కూడా ఆ మేరకు లేవాలి.

ఏడు అడుగుల దూరంలోని బోరింగు మాట వినగానే నాకు భయం వేసింది. ఏటి ఒడ్డున నీరు ఇంత పైన ఉన్నప్పుడు గోతికీ తాగునీటికీ 10 మీటర్ల ఎడం ఉండాలి. కాబట్టి పాత గోతులను బాగుచేయవద్దు, వేరే చోట కట్టించండి. ఈలోగా ఆ నీటిని బాగా మరిగించి తాగండి. పాత గోతులను ఖాళీ చేయడానికి మాత్రం ఏ మనిషినీ లోపలికి దింపవద్దు. విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా.

సమాధానం 2 (గుణుపురం గృహిణి)

వదినగారూ, కొత్తది కట్టించేటప్పుడు బేసిన్ ఏటవాలు చూసి కొనండి. పల్లెలకోసం చేసిన బాగా వాలుగా ఉండే రకానికి లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు. పట్టణాల్లో వాడే రకానికి బకెట్టు సగం ఖాళీ అవుతుంది. ఆ నీళ్లు మోసేది మనమే కదా. మా వీధిలో కొన్ని మరుగుదొడ్లు మూలపడడానికి, బిందె మీద బిందె మోయలేని ఆడవాళ్ల నడుము నొప్పే కారణమని నా నమ్మకం.

డబ్బు విషయానికొస్తే, ఒకసారి తీసుకున్న కుటుంబానికి ఆ 12,000 మళ్లీ రావు. అయితే 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు కేటాయించిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాలని నిబంధన పెట్టారు. మీ వీధిలో ఇలా పాడైనవన్నీ లెక్క రాసుకుని పల్లి సభలో (ఊరి ఓటర్లందరూ కూర్చునే సభలో) అందరూ కలిసి అడగండి. దరఖాస్తు ఒడియాలో రాసిపెట్టమంటే బడి మాస్టారు కాదనరు.

సమాధానం 3 (బరంపురం)

కలిసి అడగమన్న మాట చాలా ముఖ్యమైనది. మా బరంపురం దగ్గర మొహుదాలో ఉన్న గ్రామ్ వికాస్ సంస్థ 1992 నుంచి ఒకే షరతు మీద పనిచేస్తూ వచ్చింది: ఊళ్లో ప్రతి ఇల్లూ చేరితేనే పని మొదలవుతుంది. ఇంటికి సగటున 1,000 రూపాయల చొప్పున ఊరుమ్మడి నిధి పోగుచేసుకోవాలి. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, కొళాయి నీళ్లు వస్తాయి. ఒక్క ఇల్లు గట్టుకు వెళ్లినా ఆ మురికి అందరి నీళ్లలోనూ కలుస్తుంది కాబట్టి ఆ షరతు న్యాయమైనదే.

ప్రశ్న అడిగినవారు

తొట్టి మూత తీసి చూశాము. బాబాయిగారు చెప్పినట్టే రెండు దారులూ తెరిచే ఉన్నాయి. పశువుల పాక వెనక స్థలం ఇస్తానని మామగారు అన్నారు, అక్కడి నుంచి బోరింగు నలభై అడుగులు ఉంటుంది. అయితే నేల రెండడుగులు లేపితే మెట్లు వస్తాయి. అత్తగారు వానలో ఎలా ఎక్కగలరు?

సమాధానం (పర్లాకిమిడి, విశ్రాంత ఇంజినీరు)

మెట్లు వద్దమ్మా. మట్టి దిమ్మెసకొట్టి వాలుదారి వేయించండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్కన మీకు ఇరవై నాలుగు అడుగులు కావాలి, పాక పొడవునా తిప్పితే సరిపోతుంది. పైన గరుకు సిమెంటు వేసి, పక్కన వెదురు పట్టుకర్ర కట్టండి. లోపల కూర్చున్నచోట చేతికందేలా గోడకు ఇనుప కడ్డీ బిగించండి. ఎంత ఎత్తులో ఉండాలో అత్తగారినే నిలబెట్టి, కూర్చోబెట్టి చూసి గుర్తు పెట్టండి. వానలు మొదలయ్యేలోపు పని ముగించండి.