ఇంటర్వ్యూలు నడుస్తుండగా "ఊరికే డిన్నర్‌కి రండి" అంటే వెళ్లాలా?

గచ్చిబౌలి_బ్యాక్‌ఎండ్:
టెక్నికల్ రౌండ్లు అయిపోయాయి, హెచ్‌ఆర్ రౌండ్ మిగిలింది. ఈలోగా మేనేజర్ ఫోన్ చేసి, "శుక్రవారం రాత్రి టీమంతా జూబ్లీహిల్స్‌లో కలుస్తున్నాం, మీరూ రండి. ఇంటర్వ్యూ ఏం కాదు, ఊరికే" అన్నారు. నేను మందు తాగను. నన్నడిగితే ఇలా పిలవడమే తప్పు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు పిలిస్తే రానని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? మీరేమంటారు?

పాతకాపు_మేనేజర్:
తప్పేం లేదు, వెళ్లు తమ్ముడూ. సోడా తాగినా ఎవరూ పట్టించుకోరు. నీకూ అవసరమే. తొంభై రోజుల నోటీసు పెట్టి ఉన్న ఉద్యోగం వదులుకునేవాడివి, ఆ టీమ్ ఎలాంటిదో చూసుకోవద్దా? మేనేజర్ పక్కకెళ్లినప్పుడు జూనియర్లను అడుగు: ఆన్‌కాల్ (ఏ వేళకైనా ఫోన్‌కి అందుబాటులో ఉండాల్సిన డ్యూటీ) ఎన్ని వారాలకోసారి వస్తుంది, శని ఆదివారాలు ఫోన్లు వస్తాయా, ఈ మధ్య ఎవరు మానేశారు, ఎందుకు. ఇవి ఏ హెచ్‌ఆర్ కూడా చెప్పదు.

టెస్టింగ్_అక్క:
అన్నా, మీరు చెప్పేది మగవాళ్లకు సరిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి పబ్బులో, ముఖపరిచయం కూడా లేని ఎనిమిది మంది మధ్య కూర్చోమంటే నేను వెళ్లను. "పగలు మీ ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీకి వస్తాను" అంటాను. అలా అన్నందుకు ఉద్యోగం పోతే పోనీ. ఇంకో మాట, చెల్లెళ్ల కోసం చెబుతున్నా: పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదు చేసే మహిళ ఆ కంపెనీ ఉద్యోగే కానక్కర్లేదు. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఈ ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి.

నల్గొండ_నుంచి:
అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. బిర్యానీ వచ్చేలోపు "మీదే ఊరు?" అంటారు. చెబితే "ఆ ఊళ్లో ఎక్కడ?" ఆ తర్వాత ఇంటిపేరు. "ఫలానావాళ్లు మీకేమవుతారు?" "నాన్‌వెజ్ తింటారా?" "నాన్నగారేం చేస్తారు?" అన్నీ నవ్వుతూ, ఆప్యాయంగానే అడుగుతారు. ఆ వరస దేనికోసమో టేబుల్ దగ్గరున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. టెక్నికల్ రౌండ్‌లో నన్ను తీసెయ్యాలంటే కోడ్‌లో తప్పు చూపించాలి. డిన్నర్ తర్వాత తీసెయ్యాలంటే "టీమ్‌కి సెట్ కాడు" అంటే చాలు, దానికి రుజువు ఎవరూ అడగరు. నాకు ఇలాగే జరిగింది. ఆ కంపెనీ పేరు చెప్పను. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందంటే, ఈ ప్రశ్నలు సముద్రం దాటి కూడా వెళ్లాయన్నమాట.

ఒహాయో_పోస్ట్‌డాక్:
ఇక్కడ యూనివర్సిటీల్లో అధ్యాపక ఉద్యోగాలకు క్యాంపస్‌కి పిలిస్తే, పొద్దున టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా అంతా ఇంటర్వ్యూనే. కానీ ఎవరితో ఎన్నింటికి భోజనమో షెడ్యూల్‌లో ముందే రాసి పంపుతారు. చివరి దాకా వచ్చిన అభ్యర్థులందరికీ అదే పద్ధతి. పెళ్లి, పిల్లలు, మతం, పుట్టిన దేశం గురించి భోజనాల దగ్గర కూడా అడగొద్దని ఎంపిక కమిటీకి చెబుతారు. అయినా అడిగేవాళ్లుంటారు, అది వేరే సంగతి. భోజనానికి పిలవడం నాకు తప్పనిపించదు. "ఇంటర్వ్యూ కాదు" అని చెప్పి మార్కులు వేయడమే తప్పు.

పాతకాపు_మేనేజర్:
నల్గొండ తమ్ముడు చెప్పింది కాదనలేను. అలాంటి టేబుళ్ల దగ్గర నేనూ కూర్చున్నాను. అయినా ముఖాముఖి కలవకుండా ఏళ్ల తరబడి కలిసి పనిచేయాల్సిన మనిషిని తీసుకోమంటే నేను ఒప్పుకోను. పగలు, ఆఫీసులో, అందరినీ ఒకే తీరున పిలవడానికి నాకేం అభ్యంతరం లేదు.

గచ్చిబౌలి_బ్యాక్‌ఎండ్:
ఇలా మెయిల్ పెడుతున్నా: "పిలిచినందుకు థాంక్స్. నాకు మందు అలవాటు లేదు కాబట్టి సాయంత్రం రాలేను. వచ్చేవారం మధ్యాహ్నం మీ ఆఫీసులో టీమ్‌తో లంచ్‌కి వీలవుతుందా? ఎవరెవరు వస్తారో ముందుగా చెబితే వాళ్ల పని గురించి చదువుకుని వస్తాను."

నల్గొండ_నుంచి:
బాగుంది. మందు మాట తీసెయ్ భయ్యా. వాళ్లు అడగలేదు, నువ్వు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.