ఉగ్రదాడి లైవ్‌పై నిషేధం యూట్యూబ్ చానళ్లను ఆపగలదా?

జర్నలిజం విద్యార్థిని. ఉగ్రదాడుల కవరేజీపై సెమినార్ పేపర్ రాస్తున్నాను. 2008 ముంబై దాడుల్లో కమాండోల కదలికలను టీవీలు లైవ్‌లో చూపిస్తుంటే, పాకిస్తాన్‌లోని సూత్రధారులు అవి చూస్తూ తమవాళ్లకు ఫోన్‌లో సూచనలిచ్చారు. 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు చానళ్లను గట్టిగానే తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి, ఆపరేషన్ ముగిసేదాకా అధికారి ఇచ్చే బ్రీఫింగ్ తప్ప లైవ్ కూడదన్నారు. బాగానే ఉంది. మరి సెల్‌ఫోన్ పట్టుకుని వీధిలోంచే లైవ్ పెట్టేవాళ్ల సంగతి?

ఇంకో చిక్కు. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన యువకులు నిర్దోషులుగా బయటపడ్డారు. అనుమానితుల పేరు, ఫొటో వేయాలా వద్దా అని రాత్రిపూట న్యూస్ డెస్క్‌లో (వార్తలు దిద్దే విభాగంలో) అసలెవరు తేలుస్తారు? అక్కడ పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. పుస్తకాల్లోని జవాబు నా దగ్గరుంది, అది వద్దు.