చూపు 6/6, అయినా చదివేటప్పుడు లైన్లు దాటేస్తున్నాడు: కళ్లా, ఏడీహెచ్‌డీనా?

ప్రశ్న:
తొమ్మిదేళ్ల బాబు. బోర్డు బాగానే కనిపిస్తుంది. పుస్తకం పట్టిన పది నిమిషాలకే లైన్లు దాటేస్తాడు, కళ్లు నలుపుకుంటాడు. బళ్లో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) కావచ్చంటున్నారు. కంటి కదలికలను బట్టి అది తేల్చే పరీక్ష ఉందాండీ?

జవాబు (ఆప్టోమెట్రిస్ట్):
6/6 అనేది దూరపు చూపు లెక్క. పుస్తకం దగ్గర రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగాలి, అది ఆ చార్టుతో తెలీదు. ఇలా లోపలికి తిరగడాన్నే కన్వర్జెన్స్ అంటారు, అది చూడమని అడిగి మరీ చేయించుకోండి. పెన్ను మొనను మెల్లగా ముక్కు వైపు తెస్తారు. రెండుగా కనిపించిన చోట స్కేలుతో కొలుస్తారు. 6 సెం.మీ. లేదా అంతకంటే దూరంలోనే విడిపోతే అనుమానించాలి. ఒక్కసారితో వదిలేయొద్దు. మొదటిసారి పిల్లలు బిగబట్టి నెట్టుకొచ్చేస్తారు, నాలుగోసారికి బయటపడుతుంది. పైగా కొందరికి మెదడు ఒక కంటి బొమ్మను అణిచేస్తుంది, "రెండు కనిపిస్తున్నాయి" అనరు. అందుకే బాబు మాట వింటూనే కళ్లు కూడా చూడాలి, ఒకటి పక్కకి జారుతుంది.

జవాబు (క్లినికల్ సైకాలజిస్ట్):
కంటి కదలికలతో ఏడీహెచ్‌డీ తేల్చలేం. చుక్క కుడివైపు వెలిగితే ఎడమకి చూడమనే పరీక్షలో ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు సగటున ఎక్కువసార్లు చుక్క వైపే చూసేస్తారు, నిజమే. కానీ అది గుంపుల మధ్య తేడా. ఒక్క పిల్లాడి స్కోరు చూసి ఏ గుంపో చెప్పలేం. నిర్ధారణకి పరధ్యానం, అతి చురుకుదనం అనే రెండు జాబితాల్లో ఏదో ఒకదానిలోని తొమ్మిది లక్షణాల్లో ఆరు, ఆరు నెలలుగా, కనీసం రెండు చోట్ల ఉండాలి. 12 ఏళ్లలోపే మొదలవ్వాలి. చదివి వినిపిస్తే కుదురుగా వింటాడా? వింటే ముందు కళ్ల సంగతి చూడండి. ఆటలోనూ, స్నానంలోనూ అదే పరధ్యానమైతే మా దగ్గరికి. రెండూ కలిసి ఉండటమూ మామూలే.

ఆప్టోమెట్రిస్ట్:
ఇంకొకటి, కన్వర్జెన్స్ బలహీనమని తేలితే, ఇంట్లో పెన్సిల్‌ని ముక్కు దగ్గరికి తెస్తూ చూసే వ్యాయామం ఒక్కటే సరిపోతుందనుకోకండి. 2008లో అమెరికాలో ఈ సమస్య ఉన్న 221 మంది పిల్లల మీద జరిగిన ట్రయల్‌లో, 12 వారాలకి క్లినిక్ థెరపీతో 73 శాతం మంది కుదుటపడటమో మెరుగవటమో జరిగింది. పెన్సిల్‌తో 43, ఉత్తుత్తి థెరపీతో 35. అయితే 2019 ట్రయల్‌లో కన్వర్జెన్స్ బాగుపడినా, చదివింది అర్థం చేసుకోవడంలో ఉత్తుత్తి థెరపీని మించలేదు. "మార్కులు పెరుగుతాయి" అని ప్యాకేజీ అమ్మితే ఈ మాట అడగండి.

ప్రశ్న అడిగినవారు:
కంటి పరీక్షలో చుక్కల మందు వేస్తారా?

ఆప్టోమెట్రిస్ట్:
వేయాలి, దాగున్న ప్లస్ పవర్ (దగ్గరివి చూడ్డానికి కళ్లు ఎక్కువ శ్రమపడే దోషం) అలాగే బయటపడుతుంది. కానీ కన్వర్జెన్స్ కొలిచాకే. ముందే వేస్తే ఫోకస్ సడలిపోయి ఆ కొలత పనికిరాదు. దగ్గరి చూపు ఒకట్రెండు రోజులు మసగ్గా ఉంటుంది, బళ్లో పరీక్షలున్న వారం వద్దు.