1908లో 11–4 అనే స్కోరు ఎలా వచ్చింది?

ప్రశ్న:
అమెరికాలో ఒక చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) జట్టు 1903 నుంచి 1912 దాకా ఆడిన మ్యాచ్‌ల పట్టిక చూస్తున్నాను. తుది స్కోర్లు తప్ప వివరాలేమీ లేవు. 1908లో 11–4 అని ఉంది. ఎన్ని టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) పడ్డాయో ఎలా తేల్చాలి? చాలాచోట్ల జట్టు 5 దగ్గరే ఆగిపోయింది. టచ్‌డౌన్ తర్వాత గోల్ కొట్టడం (బంతిని స్తంభాల మధ్యగా తన్నడం) అంత కష్టమా?

జవాబు 1:
ముందు ఏడాది చూడండి, స్కోరు తర్వాత. టచ్‌డౌన్‌కి 1898 నుంచి 1911 దాకా 5 పాయింట్లు, 1912లో 6 చేశారు. ఆ తర్వాతి గోల్‌కి 1, సేఫ్టీకి (బంతి ఉన్నవాణ్ణి సొంత గోల్ గీత వెనకే ఆపేస్తే ప్రత్యర్థికి వచ్చేవి) 2. తిప్పలన్నీ ఫీల్డ్ గోల్‌తోనే (టచ్‌డౌన్ లేకుండా ఆట మధ్యలో బంతిని స్తంభాల మధ్యగా తన్నడం): 1903 దాకా 5, 1904 నుంచి 4, 1909 నుంచి 3. మీ 11–4 బహుశా రెండు టచ్‌డౌన్లు, ఒక గోల్; అవతలివాళ్లది ఒక ఫీల్డ్ గోల్. రెండు సేఫ్టీలైనా 4 వస్తుంది గానీ అది అరుదు. 1903లో ఒంటరి 5 కనిపిస్తే మాత్రం అంకెను బట్టి ఏమీ చెప్పలేం, ఆనాటి పత్రిక తిరగేయాల్సిందే.

లెక్క సరిచూసుకోవడానికి 1911 కార్లైల్–హార్వర్డ్ మ్యాచ్ బాగుంటుంది, 18–15. గెలిచిన కార్లైల్ తరఫున జిమ్ థోర్ప్ కొట్టిన నాలుగు ఫీల్డ్ గోల్స్‌కి 12, ఒక టచ్‌డౌన్, గోల్ కలిపి 6.

జవాబు 2:
5 దగ్గర ఆగడానికి కారణం కోణం. బంతిని గీత దాటి ఎక్కడ నేలకి ఆనిస్తే, దానికి నేరుగా వెనక్కి వచ్చి గోల్ కొట్టాలి. మూలన ఆనిస్తే స్తంభాల మధ్య సందే కనపడదు. అందుకే గీత దాటాక కూడా స్తంభాల వైపు పరిగెత్తేవాళ్లు. కుదరకపోతే ‘పంట్ అవుట్’: గోల్ గీత దగ్గర్నుంచి ఒకడు మైదానంలోని సహచరుడికి బంతిని తన్నాలి, వాడు చక్కగా పట్టాలి, పట్టినచోటు నుంచి గోల్ కొట్టాలి. జారవిడిచాడా, ఆ 1 పోయినట్టే. తడి బంతితో ఇది నరకం.

జవాబు 3:
1906 దగ్గర ఒక గీత గీసుకోండి. అంతకుముందు బంతి తమ దగ్గరే ఉండాలంటే మూడు డౌన్లలో (ప్రయత్నాల్లో) 5 గజాలు ముందుకెళ్తే చాలు, ఆ ఏడాది నుంచి 10. ఫార్వర్డ్ పాస్‌ని (బంతిని చేత్తో ముందుకి విసరడం) అప్పుడే అనుమతించారు గానీ, ఎవరికీ తగలకుండా నేలపడితే బంతి ప్రత్యర్థిదే. సెయింట్ లూయిస్ జట్టు 1906 సెప్టెంబర్ 5న కారల్ కాలేజీ మీద వేసిన మొదటి పాస్‌కి అదే గతి పట్టింది (మ్యాచ్ మాత్రం 22–0తో గెలిచింది).

ఇంకొకటి, ఆట నిడివి. 1905 దాకా 70 నిమిషాలు, తర్వాత 60. అదీ కాగితం మీదే. చిన్న జట్లు ముందే మాట్లాడుకుని అర్ధభాగాన్ని 20 నిమిషాలకో 15కో కుదించుకునేవి. నిమిషాలు తెలియకుండా రెండు సీజన్ల మొత్తం పాయింట్లు పోల్చకండి.