1972 అంబాసిడర్ మార్క్-2: పాత ఇంజినే బాగు చేయించాలా, ఇసుజు పెట్టాలా?

కోనసీమ అంబీ:
ముందు ఈ శని, ఆదివారాల్లో అయిన పని చెప్పి, తర్వాత అసలు గొడవలోకి వస్తాను.

బండి 1972 మార్క్-2. మా పక్క ఊళ్లో ఒక రైస్ మిల్లు షెడ్డులో చాలాకాలం కదలకుండా ఉండిపోతే కొన్నాను. ఆర్‌సీ ఉంది, నంబరు పాత మూడక్షరాలదే. శనివారం సీట్లు దించి రబ్బరు మ్యాటు లేపాం. డ్రైవరు కాళ్ల కింద రేకు బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. ఎవరో ఎప్పుడో పాడైన రేకు మీదే కొత్త రేకు అతికించి, సందుల్లో పుట్టీ కుక్కి, పైన తారు పూసేశారు. రెండు రేకుల మధ్య చేరిన నీళ్లు రెండింటినీ తినేశాయి. గ్రైండరు పెట్టి మంచి ఇనుము తగిలేదాకా కోశాను. ఇప్పుడు క్లచ్ పెడల్ కింద నుంచి గచ్చు కనిపిస్తోంది.

ఆదివారం ఇంజిన్ పని. ప్లగ్గులన్నీ విప్పి, సిలిండరు లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాను. ఒకటి, మూడు, నాలుగు సిలిండర్లు 115 పీఎస్‌ఐ అటూ ఇటూ చూపించాయి. రెండోది 70 దాటలేదు.

మా మేస్త్రి ఒకటే మాట: "ఈ 1489 సీసీ ముసలిదాని మీద డబ్బు తగలేయకండి సార్. ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్సుతో కలిపి దొరుకుతోంది. కంపెనీయే ఇదే బాడీలో పెట్టి అమ్మింది కదా." అందులో నిజం లేకపోలేదు. 1990ల్లో హిందుస్థాన్ మోటార్స్ చేసింది అదే. మీరైతే ఏం చేస్తారు?

పానా నంబర్ 14:
ఇందులో అడగాల్సిందేముంది బ్రదర్, ఇసుజు పెట్టేయండి. పాతదానికి 50 గుర్రాల బలం, ఇసుజుకి 75 దాకా. స్టీరింగు పక్కన గేరు రాడ్డు వేస్తూ నాలుగు గేర్లతో జాతీయ రహదారి మీద లారీని దాటాలంటే ఎంత టెన్షనో నడిపినవాళ్లకే తెలుసు. లారీవాడికి మీ బండి వయసుతో పనిలేదు. బండి నడవడానికా, గుడ్డ కప్పి దాచుకోవడానికా? నడవడానికైతే నడిచే ఇంజిన్ ఉండాలి. పైగా ఇదేం జపాన్ ఇంజిన్ తెచ్చి జీపులో ఇరికించడం కాదు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలోనే పెట్టిన జత ఇది.

డ్యాష్‌పాట్ మాస్టారు:
అంబీ గారూ, తీర్పు ఇచ్చే ముందు ఇంకొక్క పరీక్ష చేయండి. రెండో సిలిండరులో రెండు చెంచాల ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ గేజ్ పెట్టండి. రీడింగు బాగా పెరిగితే రింగులు పోయినట్టు. పెరగకపోతే వాల్వో, గ్యాస్కెట్టో. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే గ్యాస్కెట్ అనుకోవచ్చు. మీకు పడిపోయింది ఒక్కటే, కాబట్టి వాల్వ్ మీదే నా అనుమానం. అదే అయితే హెడ్ దించి లేత్ షాపుకిస్తే సరిపోయే పని, ఇంజిన్ మార్పిడి దాకా పోనక్కరలేదు. మూడు సిలిండర్లు అంత బాగున్న ఇంజిన్‌ని ముసలిదనడం మేస్త్రిగారికి సులువే. డబ్బు మీది కదా.

హెడ్ ఎలాగూ దిగుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. ఈ ఇంజిన్ తయారైన రోజుల్లో పెట్రోల్లో సీసం ఉండేది, అది వాల్వ్ సీటును కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. మామూలు పోత ఇనుము సీట్లు మెల్లగా అరిగి వాల్వులు లోపలికి కూరుకుపోతాయి. ట్యాపెట్ సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే కారణం అదేనని చాలామంది గుర్తించరు.

ఇంకోటి, వెనక నుంచి ఆయిలు కారుతోందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. ఈ ఇంజిన్‌కి క్రాంక్ వెనక రబ్బరు సీలే లేదు. క్రాంక్ మీద చెక్కిన మర ఆయిలును వెనక్కి లాగుతుంది, అంతే. బండి ఆపాక నాలుగు చుక్కలు కారడం దాని స్వభావం. కింద ఒక అట్టముక్క వేసుకోండి.

గేరు మార్చని గోపి:
మాస్టారూ, మా ఇంట్లో అట్టముక్క కాదు, బేసినే పెట్టాం. 😄

కాగితాలు ముందు:
ఇంజిన్ గురించి ఇంత మాట్లాడుతున్నారు, ఆర్‌సీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ నంబరు ఆర్‌సీలోనే ఉంటుంది. అనుమతి లేకుండా ఇసుజు దింపితే, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రెన్యువల్‌కి వెళ్లిన రోజు ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తగానే దొరికిపోతారు. ప్రమాదం ఏదైనా జరిగితే బీమా కంపెనీకి సాకు మీరే చేతికిచ్చినట్టు.

మీ బండి 1972ది, అంటే యాభై ఏళ్లు దాటింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కిందికి వస్తుంది. ఇదివరకే రిజిస్టరయిన బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు, వీఏ సిరీస్ కొత్తగా రిజిస్టరయ్యేవాటికి. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో భారీ మార్పులు చేసిన బండికి ఆ హోదా రాదు. ఇసుజు పెడితే ఆ దారి మూసుకుపోయినట్టే.

పానా నంబర్ 14:
సార్, ఆ హోదా తీసుకుంటే ఏమొస్తుందో కూడా చెప్పండి. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు కొట్టించడానికి, రిపేరుకి తప్ప రోడ్డెక్కించకూడదు. రోజువారీ వాడకం కుదరదు. ఈయన ఆదివారాలన్నీ ధారపోసి తయారుచేసేది ఏడాదికోసారి ర్యాలీలో నిలబెట్టడానికా? మామూలు రిజిస్ట్రేషన్‌తో, ఆర్టీవో దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని మార్చుకుంటే తప్పేంటి?

కాగితాలు ముందు:
అనుమతి వస్తే తప్పేం లేదు. వచ్చాక ఇంజిన్ కొనండి. మనవాళ్లు ముందు ఇంజిన్ కొని, బిగించి, ఆ తర్వాత ఏజెంటును వెతుక్కుంటూ తిరుగుతారు. నా బాధ అదీ.

డల్లాస్ గ్యారేజీ:
నేనూ ఇక్కడ ఇంటి గ్యారేజీలో 1966 మస్టాంగ్ మీద పనిచేస్తున్నాను, కాబట్టి ఒక మాట. నాది 200 క్యూబిక్ అంగుళాల వరస సిక్స్ సిలిండర్. కొన్నప్పటి నుంచి చూసినవాళ్లంతా వీ8 దింపమనే చెప్పారు. లెక్క వేస్తే తేలిందేమిటంటే, సిక్స్ సిలిండర్ మస్టాంగ్‌కి చక్రానికి నాలుగే బోల్టులు, వీ8 బండికి ఐదు. ఇంజిన్ మారిస్తే ముందు స్పిండిళ్లు, బ్రేకు డ్రమ్ములు, వెనక యాక్సిల్, స్ప్రింగులు, రేడియేటరు అన్నీ మార్చాలి. ఇంజిన్ ఒక్కటే వస్తుందనుకుంటాం, వెనకాలే బంధువులందరూ దిగుతారు. అంబీ గారూ, మీకూ అంతే. ఇసుజుతో వచ్చే ఐదు గేర్ల బాక్సుకి గేరు రాడ్డు కిందే ఉంటుంది. ఫ్లోరులో కన్నం కోయాలి, మౌంటింగులు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు చూసుకోవాలి. మీ మేస్త్రి చెప్పిన ధరలో ఇవన్నీ ఉన్నాయా, అడిగారా?

అలాగని మార్పులంటే మొహం చిట్లించే రకం కాదు నేను. హాట్ రాడ్ అనే ఆటే మార్పుల మీద పుట్టింది. కాలిఫోర్నియా కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డులు కొని, మడ్‌గార్డులు పీకేసి, 1932లో వచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8ను సానపట్టి, మురాక్ ఎండు సరస్సు మీద పరుగులు తీయించారు. అప్పట్లో వాళ్లకి అవి పాత సామానే, వారసత్వ సంపద కాదు. ఈ రోజు కదిలించని 1932 ఫోర్డు కనిపిస్తే ఇక్కడ కూడా కోయడానికి చెయ్యి రాదు.

నా బండికి మాత్రం ఒక మార్పు చేశాను. 1966 దాకా మస్టాంగ్‌కి బ్రేకు మాస్టర్ సిలిండరులో గది ఒక్కటే. ఒక చక్రం దగ్గర పైపు లీకయితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 మోడల్ నుంచి రెండు గదులది వచ్చింది. అది తెచ్చి బిగించాను. ప్రదర్శనలో మార్కులు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

టింకరింగ్ వారి అమ్మాయి:
మాది విజయవాడ ఆటోనగర్, నాన్నగారిది టింకరింగ్ షెడ్డు. అందరూ బానెట్ కిందే చూస్తున్నారు. నాకు భయమంతా ఆయన కోసిన ఫ్లోరు గురించే.

అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ముందు చక్రాల బరువు మోసేవి పొడవాటి టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. వాటి వెనక కొసలు ముందు సీట్ల కింద ఉండే అడ్డదూలానికి బిగిసి ఉంటాయి. డ్రైవరు కాళ్ల దగ్గర రేకు అంత పోయిందంటే ఆ దూలం, పక్కన సిల్ (తలుపుల కింద ఉండే అంచు) ఎలా ఉన్నాయో సుత్తితో తట్టి చూడండి అన్నయ్యా. గట్టి చోట ఖంగుమంటుంది, పోయిన చోట మొద్దుగా మోగుతుంది. దూలం మెత్తబడి ఉంటే 50 గుర్రాలైనా 75 గుర్రాలైనా ముందు చక్రం కుంగుతుంది.

వెల్డింగ్ చేసేటప్పుడు తలుపులు విప్పకండి. తలుపులు ఉంచే, తలుపు స్తంభాల మధ్య అడ్డంగా పైపు బిగించి, సందులు సమంగా ఉన్నాయో లేదో చూసుకుంటూ చేయాలి. లేదంటే సిల్ కోయగానే బాడీ కొద్దిగా కుంగుతుంది, అలాగే వెల్డ్ చేస్తే ఇక ఆ తలుపు జన్మలో సరిగ్గా పడదు. ఒకేచోట బారుగా వెల్డింగ్ లాగొద్దు. ఇక్కడ అంగుళం, అక్కడ అంగుళం, చల్లారనిచ్చి మళ్లీ. పాత రేకు మీద కొత్త రేకు వేస్తానని ఎవరన్నా వాళ్లని గేటు దగ్గర నుంచే పంపేయండి.

డ్యాష్‌పాట్ మాస్టారు:
అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. పెట్రోలు గురించి ఒకటి చేర్చాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు సీళ్లు దానికి నిలవవు. గొట్టాలన్నీ కొత్తవి వేయండి. నెలల తరబడి ట్యాంకు నింపి ఉంచకండి, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. 1990ల నాటి కార్బురేటర్ ఇసుజుకీ ఇదే సమస్య, కాబట్టి దీన్ని ఏ పక్షమూ వాదనగా వాడుకోవడానికి లేదు.

కోనసీమ అంబీ:
మాస్టారి మాట ప్రకారం సాయంత్రం ఆయిలు పోసి చూశాను. రెండో సిలిండరు 70 నుంచి 75కి వచ్చి ఆగింది. వెంటనే హెడ్ దించాం. రెండో ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒకచోట కాలి, ముక్క రాలిపోయి ఉంది. బోరు (సిలిండరు లోపలి గోడ) మీద గీతలు లేవు, పైన గోరుకు తగిలే గట్టు కూడా చిన్నదే, అంటే అరుగుదల తక్కువే.

దూలం కూడా తట్టి చూశాను. ఎడమవైపు బాగానే మోగింది. కుడివైపు బయటి కొస దగ్గర మోత తేడాగా ఉంది. వచ్చే ఆదివారం ఆ వైపు తారు గీకి చూడాలి. హెడ్ లేత్ షాపుకి వెళ్తుంది, గట్టి సీట్లతో సహా. బ్రేకు మాస్టర్ సిలిండర్ రెండు గదులది పెట్టే ఆలోచన ఉంది. ఇసుజు ఇంజిన్ అమ్మే ఆయనకి ఇప్పుడే వద్దని చెప్పాను.

పానా నంబర్ 14:
"ఇప్పుడే" అన్నారు, ఆ మాట గుర్తుపెట్టుకుంటా. తలుపులు బిగించి, పిల్లల్ని ఎక్కించుకుని, ఏసీ లేకుండా నిండు మే నెలలో రావులపాలెం వంతెన ఎక్కాక మళ్లీ మాట్లాడుకుందాం. నా ఓటు మాత్రం మారలేదు.

కాగితాలు ముందు:
మాస్టర్ సిలిండర్ కొనేముందు పాతదాని ఫొటోలు, కొత్తదాని బిల్లు దాచిపెట్టండి. ఎఫ్‌సీ రోజున అడగొచ్చు.